బాతు పిలుపా, బాతు పీకా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అమెరికా వేట సంప్రదాయాల మీద ఒక డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. మాటిమాటికీ ‘డక్ కాల్’ వస్తోంది. ‘బాతు పిలుపు’ అని పెట్టాను. తీరా చూస్తే ‘ఆయన వాల్‌నట్ కర్రతో బాతు పిలుపు చెక్కుతున్నాడు’ అని తేలింది. నాకే నవ్వొచ్చింది. పెద్దలెవరైనా మంచి మాట చెప్పరూ?

జవాబు: నవ్వొచ్చిందంటే మీ చెవి బాగానే ఉందమ్మా. వాళ్లకి ‘కాల్’ అన్న ఒక్క మాట కూతకీ, ఆ కూత పుట్టించి బాతుల్ని రప్పించడానికి వేటగాళ్లు ఊదే వస్తువుకీ సరిపోతుంది. మనం పిలుపుని చెక్కలేం, జేబులో వేసుకోలేం. నేనైతే ‘బాతు పీక’ అంటాను.

సన్నాయి కొసన పెదాల మధ్య పెట్టుకునేది పీక. తిరణాల్లో కొనిపెడితే పిల్లలు రెండ్రోజులు మన చెవులు చిల్లులు పొడిచేదీ పీకే. గొంతూ పీకే. ఈ వస్తువులో మూడూ ఉన్నాయి. ఒక చెక్క గొట్టం, దాని చివర బిరడాలా బిగిసే ముక్క. ఆ ముక్కకి లోపలివైపు నాలుకలా సాగిన పలక, పలక మీద పల్చటి ప్లాస్టిక్ రేకు, రేకు జారకుండా చిన్న బెండు ముక్క. ఊదితే రేకు పలక మీద కొట్టుకుని అరుస్తుంది. పలక చూపుకి చదునుగా కనిపించినా కొసకి వెళ్లేకొద్దీ సన్నగా వంగుతుంది. పనితనమంతా ఆ వంపులోనే. గరుకు కాగితం రెండుసార్లు ఎక్కువ లాగామా, గొంతే మారిపోతుంది. రేకు కొస వెంట్రుకవాసి కత్తిరిస్తే స్వరం పైకెక్కుతుంది. మరీ ఎక్కితే దింపడం ఉండదు, రేకు మార్చుకోవాల్సిందే.

చిన్నప్పుడు మా ఊరి గుడి అరుగు మీద సన్నాయి ఆయన పీకని చాకుతో గీకి, నోట్లో నానబెట్టి, ఒక్కసారి ‘పీ’ అనిపించి, మొహం చిట్లించి మళ్లీ గీకడం గంటలకొద్దీ చూశాను. ఈ బాతు పీకలు చేసేవాళ్ల వీడియోల్లోనూ అదే చిట్లింపు!

పాత రకం ఇంకొకటుంది. వంపు తిరిగిన రెండు చెక్కల మధ్య లోహపు రేకు. ఊదేటప్పుడు నాలుకని పట్టేసేదని దాని ముద్దుపేరు ‘టంగ్ పించర్’. డెట్రాయిట్ మనిషి ఈలమ్ ఫిషర్ 1870లో అలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. మీ సినిమాలో వస్తే ‘నాలుక గిల్లుడు పీక’ అని రాసెయ్యండి.

మరొకరు: పీక అంటే జనానికి పిసకడమే గుర్తొస్తుంది సార్. వేటకి ‘దీమం’ అనే పాత మాట ఉందిగా? ‘దీమపు ఈల’ అంటే పోదా?

జవాబు: దీమాన్ని గుర్తుచేశారు, సంతోషం. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇలాంటి మాటలు నిఘంటువుల్లోకి వెళ్లి పడుకున్నాయి. కానీ దీమం వేరు. తన జాతి వాటిని రప్పించడానికి మచ్చిక చేసి ఉంచుకున్న ప్రాణి అది. పంజరంలో కౌజును పెట్టి అడవి కౌజుల్ని పట్టేవాళ్లు చూడండి, ఆ పంజరంలోది దీమపు పిట్ట. ఇంగ్లిషులో డికాయ్. తమాషా ఏంటంటే ఆ మాటలోనూ పంజరమే ఉందంటారు, డచ్చి వాళ్ల ‘కోయ్’.

అమెరికాలో 1935లో బతికున్న దీమపు బాతులతో వేట నిషేధించారు. పీకలు అంతకుముందూ ఉన్నాయి, కానీ ఇప్పుడు నీళ్ల మీద మిగిలినవి బొమ్మ బాతులే. వాటికి రూపం ఉంది, గొంతు లేదు. ఆ గొంతు వేటగాడు ఊదాలి. అందుకే నాకు పీక అన్న మాట మీద అంత మోజు.

ఈల కుదరదు. మల్లార్డ్ బాతుల్లో గట్టిగా క్వాక్‌మనేది పెట్ట. పోతుది బొంగురు గొంతు. పోతుని అనుకరించడానికి ఈలలు విడిగా ఉన్నాయి.

ఆ నిషేధం వచ్చిన మరుసటి ఏడాదే, 1936లో, ఆర్కన్సాలో స్టట్‌గార్ట్ అనే వరి పండించే ఊళ్లో బాతు కూతల పోటీ పెట్టారు. మొదటి బహుమతి ఆరు డాలర్ల అరవై సెంట్ల వేటకోటు. ఇప్పటికీ ప్రపంచ పోటీ అక్కడే. 1955, 1956ల్లో వరసగా గెలిచినామె పేరు పాట్ పీకాక్. ఇంటిపేరేమో నెమలి, గెలిచిందేమో బాతు కూతతో!

మొదట అడిగినామె: పోటీలో హెయిల్ కాల్, కమ్‌బ్యాక్ కాల్, ఫీడ్ కాల్ అంటున్నారండీ. అన్నీ పీకలేనా?

జవాబు: కాదమ్మా, అవి కూతలు. దూరాన ఎగిరేవాటిని ఆపేది ‘దూరపు కేక’. దగ్గరికొచ్చి మొహం తిప్పుకున్నవాటికి వేసేది ‘మళ్లింపు పిలుపు’. చూశారా, మీ పిలుపు ఇక్కడికి పనికొచ్చింది. మూడోది బాతులు మేస్తూ తమలో తాము గొణుక్కునే సొద, ‘మేత సొద’ అనండి. దాన్ని ఊరికే ఊదరు, పీకలోకి ‘టికటిక టికటిక’ అని పలుకుతారు. మృదంగం నేర్పేవాళ్లు ముందు జతి నోటితో చెప్పించినట్టు.

మొదట అడిగినామె: ‘ఆయన వాల్‌నట్ కర్రతో బాతు పీక చెక్కుతున్నాడు’ అని మార్చి పంపానండీ. మా ఎడిటర్ ‘ఏ బాతుది?’ అని ఎర్రగీత పెట్టి తిప్పి పంపాడు.

జవాబు: ‘ఊదే పీక’ అనండమ్మా. ఒక్క మాట ఎక్కువైతే అయింది, బాతు బతుకుతుంది.