చర్చ: సువార్త పూర్తిగా విని కూడా కొందరు ఎందుకు ఒప్పుకోరు?

కొత్త_పాఠకుడు: సువార్త అంటే యేసు మన పాపాల కోసం సిలువ మీద చనిపోయి తిరిగి లేచాడన్న సందేశం. అసలు వినని వాళ్ళ గురించి కాదు నా ప్రశ్న. విని, అర్థం చేసుకుని, అయినా వద్దనుకునే వాళ్ళ గురించి. లోపం వినేవాళ్ళదా, చెప్పేవాళ్ళదా, చెప్పే విషయంలోనే ఉందా?

ద్రాక్షావల్లి: జవాబు మత్తయి 13లోనే ఉందండి. యేసు చెప్పిన విత్తువాని ఉపమానంలో విత్తనం, అంటే వాక్యం, ఒకటే, నేలలు నాలుగు. త్రోవ పక్కన పడ్డది పక్షుల పాలు. రాతినేలలో వెంటనే మొలిచింది గాని వేరు లేదు, ఎండకు మాడింది. ముళ్ళలో పడ్డదాన్ని ఐహిక విచారమూ ధనమోసమూ అణిచేశాయి. మంచి నేల ముప్పదంతలు, అరువదంతలు, నూరంతలు ఫలించింది. ఎక్కడా విత్తనాన్ని తప్పు పట్టలేదు, గమనించండి.

ప్రశ్నార్థకం: విత్తనాన్ని చేతిలోకి తీసుకుని పరీక్షించి వద్దన్నవాడు ఆ ఉపమానంలో లేడు. అపొస్తలుల కార్యములు 17 చూడండి. ఏథెన్సులో పౌలు సృష్టికర్త గురించి మాట్లాడాడు, వాళ్ళ కవుల మాటే వాళ్ళకు అప్పజెప్పాడు, అంతవరకూ విన్నారు. మృతుల పునరుత్థానం అనగానే కొందరు నవ్వారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు, దియొనూసియు, దమరి లాంటి కొందరు నమ్మారు. అడ్డుపడింది ఫలానా చోట అని లెక్కగా తెలుస్తోంది. యూదులకు అడ్డు వేరే చోట: మ్రానున వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము 21:23 చెబుతుంటే, అతనే మెస్సీయ, అంటే దేవుడు పంపిన రక్షకుడు, అంటే ఆగిపోరా? వాళ్ళను ఆపింది లేఖనమే గాని మొండితనం కాదు.

దారినపోయేవాడు: ఇవన్నీ ఎవరు చూస్తారు? చెప్పేవాళ్ళ బతుకు చూసి జనం పారిపోతారు, అంతే.

ద్రాక్షావల్లి: అది రోమీయులకు 2:24లోనే ఉంది, కొత్త సంగతి కాదు. ప్రశ్నార్థకం గారూ, శాపం సంగతి గలతీయులకు 3:13లో పౌలే తేల్చాడు, మన కోసం ఆయన శాపమయ్యాడని. అసలు అడ్డు గర్వం. లూకా 18లో ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదోవంతు అని లెక్క చెప్పాడు. ఆ లెక్క అబద్ధమని యేసు అనలేదు. అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది రొమ్ము కొట్టుకున్న సుంకరి, జనం పాపిగా చూసే పన్ను వసూలుదారు. మంచివాళ్ళకు మింగుడుపడనిది ఇదే.

ప్రశ్నార్థకం: గర్వం పక్కన పెట్టండి. నాది ఒక్కటే ప్రశ్న. ఒకరి అప్పు ఇంకొకరు తీర్చొచ్చు. ఒకరి శిక్ష ఇంకొకరు అనుభవిస్తే అది న్యాయం ఎలా అవుతుంది? తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని యెహెజ్కేలు 18:20. దీనికి సూటిగా చెప్పండి.

ద్రాక్షావల్లి: యెషయా 53:6. మనందరి దోషం ఆయన మీద మోపాడు. పైగా బలవంతం లేదు, ప్రాణం తానే పెడుతున్నానని యోహాను 10:18లో ఆయనే అన్నాడు.

ప్రశ్నార్థకం: మోయడానికి ఒప్పుకున్నవాడి ప్రేమ తెలుస్తుంది. మోపినవాడి న్యాయం ఎలా తెలుస్తుంది? నేనడిగింది రెండోది.

బోధకుల_బెంచి: మీరిద్దరూ సిలువకున్న ఒక్క వివరణ దగ్గరే కొట్టుకుంటున్నారు. తొలి సంఘపు పెద్దల సభలైన నైసియా (325), కల్సెదోను (451) క్రీస్తు ఎవరో నిర్వచించాయి గాని, సిలువ ఎలా రక్షిస్తుందో ఒకే సూత్రంగా ఖాయం చేయలేదు. 1098 నాటికి వేదాంతి అన్సెల్మ్ దాన్ని దేవుని గౌరవానికి చెల్లించాల్సిన బాకీగా చూశాడు. ఆ తర్వాత ఇంకో వేదాంతి అబెలార్డ్ మనసును కదిలించే ప్రేమ వైపు మొగ్గాడు. న్యాయస్థానం, శిక్ష అనే చట్రం బిగిసింది ప్రొటెస్టెంట్ సంస్కరణ కాలంలో, న్యాయశాస్త్రం చదివిన కాల్విన్ లాంటి వాళ్ళ చేతుల్లో. 1930లో స్వీడన్ వేదాంతి ఔలెన్ మళ్ళీ పాత మాట ఎత్తాడు, సిలువ దుష్టశక్తుల మీద గెలుపని. న్యాయస్థానం బొమ్మ ఒక్కటే చూపించి సువార్త మొత్తం ఇదే అంటే, అది నచ్చనివాడు మొత్తాన్నీ వదిలేస్తాడు.

ఆచరణలో చెడేది ఇంకోచోట. ఎవరు ఎక్కడ ఆగారో అడగకుండానే జవాబు మొదలుపెడతారు. మార్కు 10లో ధనవంతుడు ఒక్క సిద్ధాంతాన్నీ కాదనలేదు. ఆస్తి అమ్మమన్నందుకు దుఃఖపడి వెళ్ళిపోయాడు. అలాంటివాడికి పునరుత్థానానికి రుజువులు చదివితే ఏం లాభం? శిష్యుడు తోమా యేసు లేచాడనడానికి రుజువే అడిగాడు, ఆయన గాయాలు చూపించారు. అందుకని ముందు మార్కు సువార్త చదివించాలి. పదహారే అధ్యాయాలు, నాలుగింటిలో చిన్నది. చదివాక ఆగిన వచనం ఏదో వాళ్ళనే చూపించమనాలి. అద్భుతాలా, సిలువా, ఆయనొక్కడే మార్గం అన్న మాటా, బంధువులు దూరమవుతారన్న భయమా? ఆ ఒక్కదాని మీదే మాట్లాడాలి. భయానికి తర్కం జవాబు కాదు. మొదటి రోజే నిర్ణయం అడగడం మరీ తప్పు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14:28.

ద్రాక్షావల్లి: పద్ధతులతో ఎవరూ మారరండి. తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ రాలేడని యోహాను 6:44.

ప్రశ్నార్థకం: మరి ఆకర్షించబడనివాడు దోషి ఎలా అయ్యాడు? ఈ ముడి విప్పలేకే కదా 1618లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో సభ పెట్టి, మనిషి కృపను కాదనగలడన్న ఆర్మినియస్ అనుచరులను బయటికి పంపారు!

ద్రాక్షావల్లి: మీకు కావాల్సింది జవాబా, గెలుపా? ఒకటి చెబితే ఇంకోదానికి దూకుతారు. ప్రతి చర్చలోనూ ఇదే తంతు. మనుషులు వెలుగును కాదని చీకటినే ప్రేమించారని యోహాను 3:19 ఊరికే అనలేదు.

ప్రశ్నార్థకం: ఇప్పుడు బయటపడింది. మీ లెక్కలో ఒప్పుకోనివాడు అర్థం కానివాడైనా కావాలి, చెడ్డవాడైనా కావాలి. నిజాయితీగా ఆలోచించి వద్దన్నవాడికి చోటే లేదు. నన్ను ఆపుతున్నది సిలువ కంటే ఇదే. నా మనసులో ఏముందో నాకంటే మీకే బాగా తెలుసంటున్నారు.

మూలన_కూర్చున్నవాడు: కష్టాల్లో ఉన్న యోబుతో, నీలోనే ఏదో పాపం ఉందని స్నేహితులూ అదే అన్నారు. 42:7లో దేవుడు తిట్టింది వాళ్ళనే.

ద్రాక్షావల్లి: మిమ్మల్ని చెడ్డవారని నేననలేదు. కానీ మనుషులు నిరుత్తరులై ఉన్నారని రోమీయులకు 1:20 రాసి ఉంది. మీ నొప్పి కోసం ఆ వాక్యాన్ని చింపేయలేను.

బోధకుల_బెంచి: చింపక్కర్లేదు. తమ తప్పు లేకుండా సువార్త ఎరగని వాళ్ళు కూడా రక్షణ పొందగలరని 1964లో కతోలిక సంఘపు రెండవ వాటికన్ సభ రాసింది.

ద్రాక్షావల్లి: అది ఎరగనివాళ్ళకు. ఈయన వచనాలు నాకే అప్పజెబుతున్నారు. విన్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్నార్థకం: ఎంత వింటే విన్నట్టు? ఒక ప్రసంగమా, నాలుగు సువార్తలా? ఆ గీత ఎక్కడుంది?

ద్రాక్షావల్లి: గీత గీసేది నేను కాదు.

ప్రశ్నార్థకం: ‘విన్నవాడు’ జాబితాలో నన్ను చేర్చింది మీరేగా, పై పోస్టులోనే.