"విశ్వస్త వడ్డింపగా": ఎవరామె?

సత్యనారాయణపురం: మ్యూనిక్ చదువులకు వెళ్లే మన పిల్లల కోసం ఒక కరపత్రం తయారవుతోంది. ఇల్లు చేరిన 2 వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు, దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం, ఆదివారం కొట్లు మూత, ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసా తిరిగిస్తే 25 సెంట్లు వాపసు, ఇవన్నీ రాశాం. పైన శ్రీనాథుడి కుల్లాయి (టోపీ) పద్యం వేద్దామని, కన్నడ రాజ్యంలో పరాయి వేషం, పరాయి తిండి తప్పలేదని మొరపెట్టుకున్నది. "చల్లా యంబలి" అని మొదలయ్యే మూడో పాదంలో "రుచుల్ దోసంబంచు" అనా, "రుచులు" అనా? రెండో పాదం "వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్ విశ్వస్త వడ్డింపగా", అందులో "విశ్వస్త"కు అర్థం ఏమని వేయాలి?

బ్రాడీపేట: "రుచులు" అనే వేయండి. శార్దూలం కదా, పాదానికి 19 అక్షరాలు, మొదటి అక్షరానికి 13వది యతిగా కలవాలి. నాలుగో గణం "చులుదో" స గణం (లఘువు, లఘువు, గురువు). "రుచుల్" అంటే పాదం 18 అక్షరాలకు పడిపోతుంది, 13వ చోటికి "బం" వస్తుంది. చకారానికి బకారంతో యతేమిటి? "సం" ఉంటేనే చెల్లుతుంది. ఇక విశ్వస్త అంటే విధవ. "విశ్వస్తావిధవే సమే" (రెండు మాటలూ ఒకటే) అని అమరం, సంస్కృత నిఘంటువు.

గాంధీనగరం: అమరం సరే. కానీ నమ్మదగిన మనిషి అన్న అర్థమూ ఆ మాటకు ఉందిగా! పరాయి ఊళ్లో కావలసినావిడ ఆప్యాయంగా వడ్డిస్తుంటే వెల్లుల్లి వద్దనలేకపోయాడు. మొహమాటానికి తిన్నాడని నా అన్వయం.

బ్రాడీపేట: అక్కడ మొహమాటం లేదండీ. కుల్లాయి, కూర్పాసం (చొక్కా), వెల్లుల్లి, అంబలి, అన్నీ అలవాటు లేనివే వరసపెట్టి చెబుతున్నాడు. మధ్యలో నమ్మకస్తురాలిని తెస్తే ఫిర్యాదు పలచబడుతుంది. విధవ చేతి వడ్డన ఆనాటి ఆచారానికి విరుద్ధం కనకే ఆ మాట వేశాడు.

గాంధీనగరం: యతి కోసం వేశాడని ఎందుకనుకోకూడదు? "వె"కు 13వ చోట వకారం మీద ఇ, ఈ, ఎ, ఏలలో ఒకటి ఉండాలి, గణం గురు గురు లఘువు. అలాంటి మాటలు ఎన్ని దొరుకుతాయి? ఇక ఆచారమంటారా, డబ్బిచ్చి తినే పూటకూళ్లింటి సంగతులు క్రీడాభిరామం అనే పాత కావ్యంలో చూడండి, రూకకు భోజనం.

అరండల్‌పేట: క్రీడాభిరామం శ్రీనాథుడిదో వల్లభరాయుడిదో తేలాక దాన్ని సాక్ష్యానికి పిలవండి.

మ్యూనిక్ (ఊరు తెనాలి): కరపత్రం వాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. ఇక్కడి ఆడవాళ్లు పండగలకు డిర్న్‌డ్ల్ అనే గౌను వేసి, పైన ఏప్రన్ కడతారు. కట్టుకున్నవారికి ఎడమవైపు ముడి అంటే పెళ్లికానివారు, కుడివైపు అంటే పెళ్లయినవారు లేదా జోడీ ఉన్నవారు. వెనక ముడి వితంతువుకు, లేదా వడ్డించే మనిషికి. అద్దెకు తెచ్చుకుని వేసుకునే పిల్లలు అద్దంలో చూసి కట్టుకుని ఎడమా కుడీ తారుమారు చేస్తుంటారు, చేతి లెక్కనే కట్టుకోవాలి. విశ్వస్త, వడ్డన, రెండూ ఒక్క ముడిలో!

బ్రాడీపేట: అద్భుతం! నా అర్థానికి బలం చేకూరింది.

గాంధీనగరం: జర్మనీ ముడి కన్నడ రాజ్యానికి సాక్ష్యం ఎలా అవుతుంది మాస్టారూ? పైగా అక్కడ కూడా "లేదా" ఉంది.

అరండల్‌పేట: మీరిద్దరూ వడ్డించినావిడను పట్టుకుని, వడ్డించినదాన్ని వదిలేశారు. తిలపిష్టం అంటే నువ్వుల పొడి అని అందరూ దాటేస్తారు. నా లెక్కన అది మన తెలగపిండి, గానుగలో నూనె తీశాక మిగిలేది. మునగాకుతో ఉడికించి, నీరు ఇగిరి పొడిపొడిలాడాక వెల్లుల్లి దంచి పోపు పెడితేనే దానికి రుచి. నీళ్లెక్కువైతే ముద్ద, పోపులో వెల్లుల్లి తక్కువైతే గానుగ చెక్క వాసన. పాదంలో వెల్లుల్లి, తిలపిష్టం పక్కపక్కన ఎందుకున్నాయో ఇప్పుడు చూడండి. ఎండుమిర్చి మాత్రం ఊహించుకోకండి, గుంటూరు నేలకు మిరప అప్పటికి రాలేదు.

బ్రాడీపేట: గానుగ చెక్కకు పిణ్యాకమనే మాట ఉందిగా. ఆయనకు తెలియదా?

అరండల్‌పేట: తెలుసు, పట్టదు. "వెల్లుల్లిం" తరవాత లఘువు, లఘువు, గురువు కావాలి. "పిణ్యా" గురువుతో మొదలవుతుంది. "దిలపి"లో పి గురువై చక్కగా కూర్చుంటుంది.

సత్యనారాయణపురం: "రుచులు" దిద్దాం, కృతజ్ఞతలు. విశ్వస్త మాట?

మ్యూనిక్ (ఊరు తెనాలి): తెలగపిండి ఇక్కడ కష్టం. టర్కీ వాళ్ల కొట్లలో తహిని అని నువ్వుల ముద్ద సీసాల్లో దొరుకుతుంది. పిల్లలకు అది రాయండి. నూనె తీయకుండా రుబ్బినది, ఆ నూనె పైన తేలుతుంది, కలిపి వాడాలి. దాంతో కూర పొడిగా రాదు, పచ్చడికే.

గాంధీనగరం: పిష్టమంటే అదే కదా, రుబ్బినది! నూనె తీసినదని ఏ నిఘంటువు చెబుతోంది?

అరండల్‌పేట: మీ విశ్వస్త నమ్మకస్తురాలని చెప్పినదే.