నర్మదా పరిక్రమకు దారి పుస్తకం కొనాలా, వద్దా?

రేవాతటం:
కార్తీక శుద్ధ ఏకాదశి దాటాక ఓంకారేశ్వర్‌లో సంకల్పం చెప్పుకుని కాలినడకన పరిక్రమకు, అంటే నర్మద నది చుట్టూ ప్రదక్షిణకు, బయల్దేరే మనవాళ్లకు ఏ పుస్తకం చెప్పాలి? పుష్కరాలప్పుడు వేసే చిన్న పుస్తకాలు ఘాట్ల వరకే పనికొస్తాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరం వాటిలో వెతకడం దండగ. హిందీ, మరాఠీల్లో యాత్రానుభవాలు బోలెడు. నర్మద యాత్రల మీద రాసిన అమృత్‌లాల్ వేగడ్‌ని చదవమని చాలామంది అంటారు. గొప్ప రచయితే, కాదనను. కానీ ఆయన 1977లో మొదలుపెట్టి విడతలుగా నడిచారు. ఆయన నడిచిన గట్టు చాలాచోట్ల ఇప్పుడు ఆనకట్టల నీళ్లకింద ఉంది. నేననేదల్లా ఒకటే. మజిలీల పట్టిక ఉన్న హిందీ పుస్తకం ఒకటి సంచిలో ఉండి తీరాలి.

పటాలపిచ్చి:
ఒప్పుకోను. ఆ పట్టికలే ముంచుతాయి. అట్ట మీద కొత్త ఏడాది వేసినా లోపలి పట్టిక పాతదే కావచ్చు. కొట్లోనే నిలబడి రెండు చోట్ల తిప్పి చూడండి. పాత హర్సూద్‌ని దారిలో ఊరుగా చూపిస్తే ఆ పేజీ 2004కి ముందుది. ఇందిరా సాగర్ ఆనకట్ట ముంపులో ఆ ఊరు పోయింది. శూలపాణేశ్వర్ పాత గుడి దగ్గర రాత్రి బస అని ఉంటే ఇంకా పాతది. ఆ గుడి మునిగాక గోరా దగ్గర కొత్తది కట్టారు. హోషంగాబాద్ అని ఉన్నంత మాత్రాన తీసిపారేయక్కర్లేదు. అది 2022లో నర్మదాపురం అయింది, ఊరు మాత్రం అక్కడే ఉంది.

అసలు చిక్కు బడ్వానీ దగ్గరి రాజ్‌ఘాట్ నుంచి గోరా దాకా. సర్దార్ సరోవర్ ఆనకట్ట గేట్లు 2017లో దించారు, 2019 సెప్టెంబరులో జలాశయం మొదటిసారి పూర్తిమట్టం 138.68 మీటర్లకు నిండింది. అంతకుముందు రాసిన దారి ఆ ముక్కకు చెల్లదు.

నల్లమల నడక:
పటాలపిచ్చి గారూ, మరి ఫోన్లో వేసుకునే ట్రాకులు (ముందు నడిచినవాళ్ల దారిని జీపీఎస్ గీసిన గీతలు) ఏం తక్కువ ముంచాయండీ? ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు దిగినప్పుడు నడిచినవాళ్ల ట్రాకు వాగుల మూతులను అడ్డంగా దాటేస్తుంది. వానాకాలం చివర జలాశయం నిండుతుంది కాబట్టి కార్తీకం తర్వాత వెళ్తే అదే చోట లోయ లోపలికంటా నీళ్లు. దాన్ని చుట్టి రావాలంటే కొండెక్కి దిగాలి. కారులో పరిక్రమ చేసినవాళ్ల ట్రాకులు మరో రకం. అవి హైవే మీదే పోతాయి, నది కనపడదు.

రాజ్‌ఘాట్ దగ్గర, గోరా దాకా సాగే శూలపాణి అడవి దారి వద్దనుకున్నవాళ్లు శహాదా, ప్రకాశా మీదుగా మహారాష్ట్ర రోడ్డు పట్టుకుంటారు. ఏ దారో అక్కడి ఆశ్రమంలో అడిగి తేల్చుకోవాల్సిందే, పుస్తకం చూసి కాదు.

పటాలపిచ్చి:
అడగడం మంచిదే. కానీ ఎవర్ని? పరిక్రమలో నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి, అంటే అందరూ ఒకే దిక్కుకు నడుస్తారు. ఎదురొచ్చే యాత్రికుడంటూ ఉండడు, ముందు దారి ఎలా ఉందో చెప్పేవాడూ ఉండడు. పక్క యాత్రికుడికి మీకు తెలిసినంతే తెలుసు. పాలవాణ్ణో పశువుల కాపరినో అడగాలి. 'ఎంత దూరం' అని అడిగితే కోసుల్లో చెబుతారు. కోసు లెక్కకు రెండు మైళ్లే, నడకలో మాత్రం సాగుతుంది. 'పొద్దు గుంకేలోగా ఏ ఊరు చేరతాను' అని అడగండి. పిప్లియా లాంటి పేర్లు మధ్యప్రదేశ్‌లో లెక్కలేనన్ని, తహసీల్ పేరు కూడా కలిపి అడగాలి.

నా ఓటు సర్వే ఆఫ్ ఇండియా పటాల షీట్లకు. 1:50,000 స్కేలు, అంటే 2 సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ఆ సంస్థ సైట్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. ఒక్కో షీటు అక్షాంశ రేఖాంశాల్లో 15 నిమిషాల, అంటే పావు డిగ్రీ, గడి. అమర్‌కంటక్ నుంచి సముద్రం దాకా అడ్డంగానే దాదాపు 37 గడులు, అన్నీ మోయక్కర్లేదు. శూలపాణి ముక్క ఒక్కటి అచ్చు వేయించండి చాలు. ఏ4లో ఇరికిస్తే స్కేలు పోతుంది, దూరాలన్నీ తప్పుతాయి.

రేవాతటం:
1830లో మద్రాసు నుంచి కాశీకి వెళ్తూ ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ దూరం, నీటి వసతి, అంగళ్లు, దిగడానికి చోటు రాసుకున్నారు. దారి పుస్తకమంటే అది. మీ షీటులో బావి గుర్తు ఉండొచ్చు, సదావ్రత్ ఎక్కడ దొరుకుతుందో ఉంటుందా? సదావ్రత్ అంటే మన సదావర్తి లాంటిదే, పిండీ పప్పూ పచ్చిగా ఇస్తారు. పచ్చిది ఇచ్చేచోట గిన్నె కావాలి, వండి పెట్టేచోట అక్కర్లేదు. భుజం మీద బరువు తేలేది అక్కడే.

తీరవాసి:
సముద్ర సంగమం పేజీని మాత్రం ఎవరూ నమ్మకండి. దక్షిణ తటాన విమలేశ్వర్ నుంచి ఉత్తర తటాన మీఠీ తలాయికి పడవ. దానికి వేళ రాసి ఉందంటే ఆ పుస్తకం తప్పే. పడవ కదిలేది పోటు మీద. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్య పౌర్ణములకు పెద్దది, అష్టమికి చిన్నది. చుట్టూ ఒండ్రు మేటలు, నీళ్లు చాలకపోతే పడవ దిగబడుతుంది. ఒకటి రెండు రోజులు ఆగేలా వెళ్లండి.

ఇంకోటి. పర్యాటకుల పుస్తకాలు ఓంకారేశ్వర్‌లో ముందు వంతెన దాటి జ్యోతిర్లింగ దర్శనం అంటాయి. గుడి నది మధ్య ద్వీపం మీద ఉంది. సంకల్పం చెప్పుకున్నాక వంతెన ఎక్కితే నర్మదను దాటినట్టే, పరిక్రమ ఖండితం. దర్శనం సంకల్పానికి ముందే కానివ్వాలి. సంకల్పమయ్యాక దక్షిణ తటాన ఉన్న మమలేశ్వర్ గుడి చాలు. ఉపనదులు దాటడానికి ఆ పట్టింపు లేదు.

నల్లమల నడక:
రేవాతటం గారూ, సదావ్రత్ పట్టిక కూడా ఏడాది తిరిగేసరికి పాతబడుతుంది. పెట్టే దాత మారితే పచ్చిది కాస్తా వండినదవుతుంది, ఒక్కోసారి అసలుకే ఆగిపోతుంది.

రేవాతటం:
సరే, రాజ్‌ఘాట్–గోరా పేజీలు చింపేస్తాను. మిగతాది మోస్తాను. గిన్నె కూడా.