సమస్య: పటములోని లంక పంట పండె

సమస్య ఇచ్చినవారు:
ఈసారి ఆటవెలది. నాలుగో పాదం "పటములోని లంక పంట పండె" నేనిచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. లంక అంటే ఏటి నడుమ తేలిన నేల. నియమం ఒకటి అదనం. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలినట్టు మీ ఊహలోని ఏటిని పాయలు చేసి, చేత్తో పటం గీయండి. పద్యం పటం పక్కన కాదు, పటంలోనే ఉండాలి. ఏ పాదం ఏ ఒడ్డున పడిందన్నది కూడా పూరణలో భాగమే.

అమలాపురం నుంచి:
చిట్టి చేయి గీసె చెలువైన గోదారి
నడుమ లంక నొకటి నాటె నందు
పచ్చ రంగు పూయ పైరులు మొలకెత్తె
పటములోని లంక పంట పండె

సమస్య ఇచ్చినవారు:
గణాలు (అక్షరాల లయ కొలతలు), యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరాల్సిన అక్షరం) కుదిరాయి. ‘నడుమ’ అన్నాక మళ్ళీ ‘అందు’ ఎందుకు? వ్యర్థపదం. ‘నాటి మురిసె’ అంటే పాప ముఖం కూడా కనిపిస్తుంది. పటం గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. లంక చుట్టూ సమోన్నత రేఖలను, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలను, ఒత్తుగా గీశారు. రేఖలు దగ్గరపడితే వాలు ఎక్కువని అర్థం. చూసేవారికి అక్కడ పాపికొండలు లేస్తాయి. మన డెల్టా చదును నేల. రెండు రేఖల మధ్య ఊళ్ళకు ఊళ్ళు ఇమడాలి. ఆ ఖాళీయే పద్యానికి చోటు.

ముమ్మిడివరం నుంచి:
నాకు రెండో పాదమే వచ్చింది: "గీత గీత కలిపి గట్టు కట్టె".

అమలాపురం నుంచి:
హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. ‘గీ’కి ‘గ’ యతి చెల్లదు. "గీత గీత కలిపి గీసె గట్టు" అనండి.

రాజోలు నుంచి:
మా తాతగారి లంక భూమి ఏటిలో కలిసిపోయింది. దాన్నే గీశాను.

కోతపడిన చేను గోదావరికి నిచ్చి
తాత కన్ను మూసె తలచి తలచి
మనుమరాలు గీయ మాగాణి గట్లన్ని
పటములోని లంక పంట పండె

మొదటి పాదమే ఒడ్డు గీత. దాని చివరి అక్షరాలు నీళ్ళలోకి జారాయి.

సమస్య ఇచ్చినవారు:
వంపు తిరిగే చోట ఏరు వెలుపలి ఒడ్డును కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక, ఒండ్రు మేట వేస్తుంది. ‘కోతపడిన’ అన్న మాట సరిగ్గా వెలుపలి వంపులో ఉంది, ‘పండె’ మేట మీద ఉంది. ఈ పద్యాన్ని చెరిపేస్తే పటానికి ఒడ్డే ఉండదు. నేను కోరుకున్నది ఇదే! ఒక్క మాట అడ్డు వస్తోంది: మాగాణి. కాలువ నీటితో వరి పండే నేలను మాగాణి అంటాం. కూరగాయలు, అరటి, పొగాకు వేసే లంక నేలకు ఆ పేరు నప్పదు. యతి చెడకుండా ‘మరల నా గట్లన్ని’ అంటే?

రాజోలు నుంచి:
మార్చాను. మీరు ‘మరలన్ ఆ గట్లు’ అనే ఉద్దేశించి ఉంటారు. నాకు మాత్రం ‘నా గట్లు’ అని తాతగారి గొంతు వినిపించింది. పటంలో ఆ పాదాన్ని చెరిపి మళ్ళీ రాశాను, ఈసారి ఒడ్డుకు కొంచెం దూరంగా, లోపలికి.