జాకెట్లు ఎన్ని ఒప్పుకోవాలో మీరు ఎలా లెక్కేస్తారు?

ఇంట్లో జాకెట్లు కుడతాను. శ్రావణమాసం బట్టలు అప్పుడే వచ్చి పడుతున్నాయి. మిషన్ మీద ఎంతసేపు పడుతుందో బాగానే తెలుసు. లెక్క తప్పేది మిగతా వాటితోనే: లైనింగ్ తడిపి ఆరేయడం, మ్యాచింగ్ దారం కోసం బజారుకెళ్లడం, హుక్కులు, చేతి హెమ్మింగ్, మధ్యలో కరెంటు పోవడం. పోయినేడూ ఇదే గోల. అయినా అడిగేసరికి నోట్లోంచి 'శుక్రవారానికి ఇచ్చేస్తానక్కా' అనే వస్తుంది!

1994లో అచ్చయిన ఓ పరిశోధనలో విద్యార్థులు థీసిస్‌కి సగటున 34 రోజులు చాలన్నారట, 55 దాటాయి. అన్నీ అడ్డం తిరిగితేనో అంటే 49 దాకా చెప్పారు, అదీ చాల్లేదు. అందుకే 'రెండ్రోజులు కలిపి చెప్పు' అనే సలహా వద్దండి. పాత పనులకి నిజంగా పట్టిన టైము రాసిపెట్టుకుని, దాన్నిబట్టి ఒప్పుకునేవాళ్లు ఉన్నారా? హుక్కుల్లాంటివి కూడా విడిగా రాస్తారా? వరలక్ష్మీ వ్రతానికి ఎన్నాళ్ల ముందు కొత్తవి తీసుకోవడం ఆపేస్తారు?