తుంటి మీద కొడితే పళ్లు రాలాయి, సరే, ఇంతకీ తుంటి ఎక్కడుంది?

"తుంటి మీద కొడితే పళ్లు రాలాయట" అనే సామెత మనందరికీ తెలిసిందే. ఎక్కడో దేశంకాని దేశంలో యుద్ధం మొదలై ఇక్కడ వంటనూనె రేటు పెరిగితే ఎవరో ఒకరు దీన్ని వాడతారు. మొన్న ఈ గ్రూపులోనే సామెతల పోస్టు కింద ఒకరు "తుంటి అంటే నడుమే కదా" అన్నారు, ఇంకొకరు "కాదు, పిర్ర" అన్నారు, మూడో ఆయన తొడ పైభాగం అన్నారు, ముగ్గురికీ లైకులు పడ్డాయి. నేను ఫిజియోథెరపీ చేసేవాణ్ణి, ఈ మాటల మధ్యే నా పొద్దు గడుస్తుంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు ఒంటి సంగతి. లేచి నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకోండి, గొడవకి దిగేముందు పెట్టుకుంటాం చూడండి, అలా. మీ చేతులు ఆనింది నిజానికి నడుం మీద కాదు. పక్కటెముకలు అయిపోయాక ఎముక తగలని మెత్తటి చోటు ఒకటుంది, అదీ నడుం. ఒంటికి నడుమ ఉన్నది నడుము, అంతే. దాని కింద గట్టిగా తగిలే అంచు తుంటి ఎముకది. ఎడమ అంచు నుంచి కుడి అంచుకి వీపు మీదుగా ఒక గీత గీస్తే అది దాదాపుగా నాలుగో నడుం పూస దగ్గర వెన్నుని దాటుతుంది. సిజేరియన్‌కి ముందు వెన్నులో మత్తు సూది వేసే డాక్టరు వేళ్లతో తడిమి వెతికేది ఆ అంచునే.

ఇప్పుడు అక్కణ్ణుంచి చెయ్యి పక్కగా కిందకి జార్చండి. తొడ మొదట్లో మళ్లీ ఒక గట్టి బుడిపె తగులుతుంది. పక్కకి తిరిగి ఉత్త చాప మీద పడుకుంటే నేలకి ఒత్తుకుపోయేది అదే. అది తుంటి ఎముకది కాదు, తొడ ఎముక పై కొస. చాలామంది తుంటి అని చూపించేది దాన్నే, నన్నడిగితే అది తప్పనక్కర్లేదు, వాడుక అలా నిలబడింది. అసలు కీలు ఈ రెండిటికీ మధ్య లోపలెక్కడో, గజ్జకి వెనకాల ఉంటుంది, బయట నుంచి ఎంత నొక్కినా వేలికి అందదు. అందుకే కీలు అరిగినవాళ్లు ఎక్కువగా గజ్జల్లో చెయ్యి పెట్టి చూపిస్తారు. వెనక పిర్ర మీద చెయ్యేసి "తుంటి నొప్పండీ" అని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు గొడవ నడుం పూసల్లో ఉంటుంది.

నా ఫిర్యాదు మన మొహమాటం మీద. ఈ కాస్త చోటుకి తెలుగులో పేర్లకేం కరువు? నడుము, మొల, తుంటి, పిర్ర, ముడ్డి, గజ్జ, దేని చోటు దానిదే. కానీ నలుగురిలో నోరు విప్పేసరికి అన్నీ పైకి ఎగబాకి నడుం అయి కూర్చుంటాయి. "నడుముకి ఇంజెక్షన్ వేయించుకున్నా" అంటాం, ఏ కాంపౌండరూ నడుముకి వెయ్యడు. పిర్రకి వేస్తాడు, అది కూడా పిర్రని మనసులో నాలుగు భాగాలు చేసుకుని పైన బయటి వైపు భాగంలో. ఎందుకంటే ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం, సయాటిక్ నరం, పిర్ర కండ కిందుగా లోపలి వైపు నుంచి తొడలోకి దిగుతుంది. సూది దానికి తగిలిందా, పాదం పైకి లేవక కాలు ఈడ్చుకుంటూ నడవాల్సి రావచ్చు. చంటిపిల్లలకి టీకాలు తొడ ముందు వైపు, కాస్త బయటగా వెయ్యడానికి ఇదొక కారణం.

ఇంకో తమాషా చంక. బిడ్డని చంకనెత్తుకున్నా అంటాం, బిందె చంకన పెట్టుకున్నా అంటాం. బిడ్డ కూర్చునేది ఎక్కడ? తుంటి అంచు మీద. బరువంతా మోసేది ఆ ఎముక, పేరు మాత్రం పైన చంకకి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన సామెతలో కూడా పిల్ల నిజానికి తుంటి మీదే ఉంది!

మీ ఊళ్లో తుంటి అని దేన్ని అంటారో రాయండి. బూతులు వద్దని అడ్మిన్ గారి మాటగా చెప్తున్నా. ముడ్డి బూతు కాదు, ముడ్డిపూస అనకుండా వెన్ను చివరి ఎముక గురించి ఎలా మాట్లాడతాం?

కరీంనగర్ పోరడు: అన్నా, మా దిక్కు తుంటి బొక్క ఇరిగింది అంటరు. పెద్దమనుషులు బాత్రూంల జారిపడితే ఇగ అదే. బొక్క అంటే మాకు ఎముక, ఆంధ్రోళ్లు రంధ్రం అనుకుంటరు, ఓసారి మా హాస్టల్ల పెద్ద పంచాయితీ అయింది దీని మీద. పిర్ర అనే మాట మా అమ్మమ్మ అంటది, మేం ముడ్డే అంటం, ఏం తప్పు లేదు.

పోస్టు రాసినవాణ్ణి: తప్పేం లేదు తమ్ముడూ. అయితే జారిపడ్డ ముసలావిడకి "తుంటి బొక్క ఇరిగింది" అన్నప్పుడు ఎక్కువసార్లు విరిగేది తుంటి ఎముక కాదు, తొడ ఎముక మెడ, లేకపోతే ఆ మెడ కింది భాగం. తొడ ఎముక నిలువుగా పోయి తిన్నగా కీలులోకి దూరదు. పైన గుండ్రటి తల, దాని కింద లోపలికి వంగిన మెడ, ఆ తర్వాతే పొడుగాటి ఎముక. మెడకీ ఎముకకీ మధ్య కోణం పెద్దవాళ్లలో సుమారు 125 డిగ్రీలు. ఆవిడని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి పాదాల వైపు నుంచి చూడు, ఆ కాలు పొట్టిగా కనిపిస్తుంది, పాదం బయటికి తిరిగిపోయి ఉంటుంది. చాలాసార్లు ఎక్స్‌రే తీయకముందే తెలిసిపోతుంది. ఆ ఎముక తలకి రక్తం చాలావరకు ఎముక మెడని అంటిపెట్టుకుని వెళ్లే నాళాల్లోంచే అందుతుంది, మెడ విరిగి పక్కకి జరిగితే ఆ దారి తెగిపోవచ్చు. పెద్ద వయసులో అతికించే బదులు తలనే తీసేసి కొత్తది పెట్టడానికి కారణం అదే. పేపర్లో "తుంటి మార్పిడి" అని రాసేది ఇలా కీలుని మార్చడాన్నే, మొత్తం తుంటి ఎముకని కాదు.

పద్యప్రియుడు: మాస్టారూ, వాడుక మాటలు బాగా చెప్పారు, పాత మాటలు కొన్ని నేను కలుపుతాను. పిరుదు పాత తెలుగులో శకటరేఫతో, అంటే బండి ఱతో, పిఱుఁదు. దానికి వెనుక అనే అర్థం కూడా ఉంది, "పిఱుఁద వచ్చు" అంటే వెంట వచ్చు, వెనకాల వచ్చు. అంటే అది మొదట్లో దిక్కు చెప్పే మాట అయివుంటుందని నా ఊహ. ఇక సంస్కృతం వైపు చూస్తే మన కవులు నితంబం, జఘనం రెండూ ఒకటే అన్నట్టు గుప్పించేశారు గానీ సంస్కృత నిఘంటువు అమరకోశం తేడా చెప్పింది: "పశ్చాన్నితంబః స్త్రీకట్యాః క్లీబే తు జఘనం పురః". ఆడవాళ్ల కటికి, అంటే నడుం కింది భాగానికి, వెనక వైపు నితంబం, ముందు వైపు జఘనం. కాబట్టి ఘనజఘన అనగానే వెనక్కి చూడక్కర్లేదు. మన్మథుణ్ణి తుంటవిలుకాడు అంటారు కదా, మీ తుంటికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తున్నా, లేదు. అది తుంట, చెరకు తుంట. చెరకు విల్లు పట్టినవాడని.

పోస్టు రాసినవాణ్ణి: జఘనం ముందు వైపుదని మీరన్నది మాకూ పనికొచ్చే మాటే. జఘనాస్థి అని పుస్తకాల్లో రాసేది ముందు వైపు రెండు తుంటి ఎముకలూ కలిసే చోటి ఎముకనే. మీరు చెప్పిన అమరంలో ఆ పై పాదంలోనే శ్రోణిఫలకం, అంటే తుంటి పలక, కూడా ఉంది. ఇక తుంటి ఎముక పుట్టుకతో ఒకటి కాదు, పైన వెడల్పుగా ఉండేది, కింద కూర్చుంటే ఆనేది, ముందు వైపుది, మూడు ముక్కలు. తొడ ఎముక తల దూరే గుంటలో మూడూ కలుసుకుని, యౌవనం వచ్చేనాటికి అక్కడ ఒక్కటిగా అతుక్కుంటాయి. ఇంత బాగా పేర్లున్నా ఈ ఎముకల వలయాన్ని శ్రోణి మేఖల అని పరీక్షలో రాసి పాసైన పిల్లాడు రేపు తన నొప్పి ఎక్కడో చెప్పాల్సొస్తే మళ్లీ నడుం అనే అంటాడు, అదీ నా బాధ.

చీరాల మగ్గం: మా తాతగారిది గుంట మగ్గం. కాళ్లు గుంటలో, కూర్చునేది గట్టు మీద, పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేదాకా. కింద గోనెసంచి మడత లేకుండా కూర్చునేవారు కాదు. "పిర్ర ఎముక కాలిపోతోందిరా" అనేవారు, నడుం నొప్పి అని ఎప్పుడూ అనలేదు. అంత కచ్చితంగా చెప్పేవారు మరి, ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంది.

పోస్టు రాసినవాణ్ణి: తాతగారు అక్షరాలా సరిగ్గా చెప్పారు. గట్టి బల్ల మీద అరచేతులు కింద పెట్టుకుని కూర్చుని కాస్త అటూ ఇటూ కదలండి, రెండు ఎముక ముడులు అరచేతుల్లోకి దిగుతాయి. నిలబడ్డప్పుడు పిర్ర కండ వాటిని కప్పి ఉంచుతుంది, కూర్చునేసరికి కండ పక్కకి జారిపోయి ఎముక, పల్చటి కొవ్వు, చర్మం మాత్రం మిగులుతాయి. ఎముకకీ పైనున్న కండకీ మధ్య రాపిడి లేకుండా ఉండే చిన్న నీటి తిత్తి వాస్తే ఆ మంట పుడుతుంది. ఇంగ్లీషు వైద్యంలో ఆ జబ్బు పాత పేరుకి అర్థం ఏమిటో తెలుసా, నేతగాడి పిర్ర! నేతపని ఏ దేశంలోదైనా కూర్చునేది ఆ రెండు ఎముకల మీదే కదా.

డల్లాస్ అత్తయ్య: బాబూ, మా వియ్యపురాలికి తుంటి ఆపరేషన్ అయింది. గొంతుక్కూర్చోవద్దు, బాసింపట్టు వద్దు అన్నారట. పూజ దగ్గర కుర్చీలో కూర్చోవాలంటే ఆవిడకి ప్రాణం ఒప్పట్లేదు. పక్కనే నిలబడి ఒంటికాలి మీద బరువేసి ఊగుతోంది. నాకు రామప్ప గుడిలో మదనికలు గుర్తొచ్చారనుకో.

కరీంనగర్ పోరడు: బాసింపట్టు అంటే మా సక్లంముక్లం ఏనా అత్తమ్మా?

డల్లాస్ అత్తయ్య: అదే నాయనా.

పోస్టు రాసినవాణ్ణి: అత్తయ్యగారూ, గొంతుక్కూర్చున్నప్పుడు తొడ పొట్టకి ఆనేదాకా ముడుచుకుంటుంది, బాసింపట్టులో తొడ బయటికి తిరిగి వెడల్పవుతుంది. కొత్త కీలు చుట్టూ కండలు బిగిసేదాకా అంతంత వంపులో ఆ కీలు తల గుంటలోంచి జారే ప్రమాదం ఉంది. ఆపరేషన్ ముందు నుంచి చేశారా వెనక నుంచి చేశారా అన్నదాన్ని బట్టి ఏది వద్దో, ఎన్నాళ్లు వద్దో మారుతుంది, చేసిన డాక్టరు మాటే వినమనండి. ఒంటికాలి మీద ఊగడం మాత్రం ఇప్పుడే వద్దనండి. మదనికల సంగతి భలే గుర్తుచేశారు. బరువు మోసే కాలి వైపు తుంటి బయటికి పొడుచుకొస్తుంది, రెండో వైపు కాస్త దిగుతుంది, శిల్పి అది చూసి చెక్కాడు. మీరూ ఒక్క కాలి మీద నిలబడి ఆ వైపు తుంటి అంచు కిందుగా చెయ్యేసి చూడండి, పిర్ర పక్క కండ రాయిలా బిగుస్తుంది. పెద్ద పిర్ర కండ పని మెట్లెక్కడం, కూర్చుని లేవడం. ఈ పక్క కండ పని మాత్రం అడుగడుక్కీ తుంటిని పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచడం. అది బలహీనపడితే బరువు మోసే కాలు ఒకటైతే రెండో వైపు తుంటి జారిపోతుంది, మనిషి బాతులా నడుస్తాడు. ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ 1895లో ఇది రాశాడు, ఇప్పటికీ మేం రోగిని ఒంటికాలి మీద నిలబెట్టి చూసేది దీన్నే.

రిటైర్డ్ తెలుగు పంతులు: అంతా బాగుంది గానీ సామెతని వదిలేశారు. తుంటికీ పళ్లకీ సంబంధం లేదు కాబట్టే కదా ఆ సామెత. మీ శాస్త్రం దానికేమీ చెయ్యదు.

పోస్టు రాసినవాణ్ణి: పళ్ల దాకా పోలేను మాస్టారూ, మోకాలి దాకా మాత్రం పోగలను. తుంటి కీలుకి కొమ్మలిచ్చే నరాల్లో ఆబ్ట్యురేటర్ అనేదొకటి, అదే నరం కొమ్మ మోకాలికీ వెళ్తుంది. కాబట్టి తుంటిలో చెడితే కొందరికి నొప్పి మోకాల్లో తెలుస్తుంది, తుంటిలో ఏమీ అనిపించదు కూడా. మోకాలికి నూనెలు రాసి, పట్టీలు కట్టి, నెలలు గడిపాక తుంటి ఎక్స్‌రే తీస్తే అసలు సంగతి బయటపడ్డవాళ్లని చూశాను. తుంటి మీద కొడితే మోకాలు ఏడ్చింది అని సామెత ఉండాల్సింది. కాకపోతే పళ్లు రాలితేనే వినేవాడికి నవ్వొస్తుంది, అది ఒప్పుకుంటా.

చీరాల మగ్గం: సార్, సామెత పక్కన పెట్టి ఒక మాట. మా అన్నయ్య కొడుక్కి పన్నెండేళ్లు, కాస్త బొద్దుగా ఉంటాడు. కొన్నాళ్లుగా మోకాలు నొప్పని కుంటుతున్నాడు. మోకాలి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఎదిగే నొప్పులని ఊరుకున్నాం. ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది.

పోస్టు రాసినవాణ్ణి: ఊరుకోకండి. ఆ వయసులో తొడ ఎముక తల దాని మెడ మీద నుంచి జారడం అనే జబ్బు ఒకటుంది, బొద్దుగా ఉన్న పిల్లల్లో ఎక్కువ, మోకాలి నొప్పిగానే బయటపడొచ్చు. అదే అయ్యుంటుందని ఇక్కణ్ణుంచి నేను అనలేను. అబ్బాయిని పరుగెత్తించకండి, ఆడనివ్వకండి, వీలైనంత వరకు ఆ కాలి మీద బరువు పడనివ్వకండి. ఇవాళే ఎముకల డాక్టరుకి చూపించి రెండు తుంటిలకీ ఎక్స్‌రే తీయమని అడగండి, ఒకటి ఎదురుగా, ఒకటి కాలు పక్కకి మడిచి. అక్కడ నడుం అనకండి, తుంటి అని చెప్పండి.