లాన్ కోసిన గడ్డిని ఏం చేస్తున్నారు?

పెరటితోట_ఘట్‌కేసర్:
ఇంటి ముందు మెక్సికన్ గ్రాస్, పక్కన గరిక కలిపి దాదాపు 150 గజాల లాన్ ఉందండీ. వానాకాలం మొదలైతే వారం తిరక్కముందే మళ్లీ కోయాల్సి వస్తోంది, కోసిన ప్రతిసారీ రెండు బస్తాల గడ్డి. చెత్త బండివాళ్లు తీసుకెళ్లం అంటున్నారు. ఓ మూల కుప్ప వేస్తే మూడో రోజుకే జిగురుగా మారి ముక్కు పగిలే వాసన. పారేయడానికి మనసు ఒప్పట్లేదు, పక్కన టమాటా, వంగ మడులు కూడా ఉన్నాయి. మీరేం చేస్తున్నారు?

మిద్దెమొక్క:
అసలు కోసే మెషీన్‌కు గడ్డి పడే బాస్కెట్ తీసేసి కోయండి. పొట్టిగా తెగిన ముక్కలు లాన్ మీదే పడి వారంలో మట్టిలో కలిసిపోతాయి, యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. కాకపోతే గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారే కోయకూడదు, తడి మీద అసలు కోయకూడదు, ముద్దలు కట్టి కింద గడ్డి పసుపెక్కుతుంది. ఈ ముక్కల వల్ల లాన్ కింద పీచు పేరుకుంటుందని మాలీలు చెప్తుంటారు కానీ ఆ పీచు వచ్చేది కాడలు, వేర్ల నుంచి.

ఎర్రనేల:
వాసన ఎందుకంటే పచ్చిగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీరే, దానికి తోడు నత్రజని ఎక్కువ. ఒత్తుకుపోయి లోపలికి గాలి ఆడదు, కుళ్లుతుంది. ఒక గంప గడ్డికి రెండు గంపల ఎండుటాకులు పొరలుగా వేసి, మధ్యలో కాస్త పేడనీళ్లు చల్లి, వారానికోసారి తిరగేయండి. చెయ్యి పెడితే వేడి తగలాలి, అప్పుడు సరిగ్గా నడుస్తున్నట్టు. ఎండుటాకులు దొరక్కపోతే కొబ్బరి పీచు, చింపిన అట్టపెట్టెలైనా సరే.

మడుల్లో మాత్రం పచ్చిది వేయొద్దు. ఒకట్రెండు రోజులు ఎండలో పరిచి, గలగలమన్నాక రెండంగుళాల మందాన, మొదలుకు బెత్తెడు దూరంగా పరచండి. ఎండాకాలం తడి ఎంత నిలుస్తుందో వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. గరిక కాడలు మాత్రం ఏరేయండి, కణుపు తడి తగిలితే చాలు మడిలో వేరు పోసేస్తుంది, తర్వాత పీకలేక చావాలి.

గుంటూరు_రైతుబిడ్డ:
అందరూ బాగానే చెప్పారు, ముందు అడగాల్సింది ఒకటుంది. లాన్ మీద కలుపు మందు కొట్టించారా? 2,4-డి అనే కలుపు మందు గడ్డిని ఏమీ చేయదు, వెడల్పాకు మొక్కల్నే చంపుతుంది. వరిలో కొట్టింది గాలికి పక్క పత్తి చేలో పడితే ఆకు ఎలా సన్నగా ముడుచుకుపోతుందో మా వైపు అందరికీ తెలుసు, టమాటా కూడా అంతే సున్నితం. కొడితే ఆ తర్వాతి మూడు నాలుగు కోతల గడ్డి మడులకు వేయొద్దు, లాన్ మీదే వదిలేయండి. ఆవులకు పెడదామనుకున్నా అంతే, ఏ మందూ పడలేదని ఖాయంగా తెలిస్తేనే, అదీ కోసిన వెంటనే. బస్తాలో గంటల తరబడి మగ్గి వేడెక్కిన గడ్డి పెడితే కడుపు ఉబ్బుతుంది.

పెరటితోట_ఘట్‌కేసర్:
మందు కొట్టించలేదండీ, మొన్న చెదలకు ఏదో చల్లారు. అదేంటో మాలీని కనుక్కునేదాకా మడులకు వేయను. ఈసారి బాస్కెట్ తీసేసి కోయిస్తా. పక్కింటివాళ్లు రోజూ వేపాకులు ఊడ్చి తగలబెడుతున్నారు, కంపోస్టుకు అవి అడిగి తెచ్చుకుంటా.